తుత్తునాగానికి ఇన్ని పేర్లెందుకు?

నాట్లు వేసిన నెల తిరక్కుండానే వరి ముదురాకుల మీద ఈనెకు అటూ ఇటూ తుప్పు రంగు మచ్చలు లేస్తే, రైతు ఎరువుల కొట్టుకు వెళ్లి "జింకు ఇవ్వండి" అంటాడు. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే ఆశా కార్యకర్త ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు 14 రోజులకు సరిపడా జింకు బిళ్ళలు ఇచ్చి వెళ్తుంది. ఇనుప సామాను కొట్టులో దీని పూత పూసిన గొట్టాన్ని జీఐ పైపు అంటారు. ఆయుర్వేద దుకాణంలో దీన్ని కాల్చిన బూడిదకు యశద భస్మమని పేరు. ఆటలమ్మ పోసినవాళ్ల దురదకు రాసే గులాబీ రంగు మందు కాలమైన్ లోషన్, అందులోనూ ఉన్నది దీని భస్మమే. పాత రసాయన శాస్త్ర పుస్తకం తెరిస్తే తుత్తునాగం అని ఉంటుంది. ఇవన్నీ ఒకే లోహం సంగతులు. పరమాణు సంఖ్య 30, గుర్తు Zn అని బడిలో నేర్చుకున్నది ఇదే.

ఒక లోహానికి ఒక్క తెలుగులోనే ఇన్ని పేర్లు ఎలా వచ్చాయి? మిగతా భాషల వాళ్లు దీన్ని ఏమంటారు? ఎందుకలా అంటారు?

పేర్లు వేరువేరుగా ఉండటం వింతా?

కాదు. రాగిని హిందీలో తాంబా అంటారు, తమిళంలో చెంబు అంటారు, ఇంగ్లీషులో కాపర్ అంటారు. భాషలు వేరైతే పేర్లు వేరవుతాయి. వింత మరొకచోట ఉంది.

మన భాషలో రాగి, ఇనుము, వెండి, ఉక్కు అనే మాటల్ని చూడండి. వాటిని విడగొడితే లోపల మరో వస్తువు పేరు కనిపించదు. తుత్తునాగం అలా కాదు. విడగొడితే రెండు మాటలు బయటపడతాయి, ఆ రెండింటిలో ఏదీ ఈ లోహం పేరు కాదు. గ్రీకు పేరును విడగొడితే 'అబద్ధపు వెండి' అని వస్తుంది. జపాను పేరును విడగొడితే 'సీసం తర్వాతిది' అని వస్తుంది. జర్మన్ పేరు వెనక ఒక వంకర పన్ను కనిపిస్తుంది. చాలామంది దగ్గర దీనికంటూ సొంత పేరు లేదు, వేరే దేన్నుంచో అరువు తెచ్చుకున్నారు.

మన దేశంలోనూ ఒకే పేరు కుదరలేదు. హిందీలో జస్తా, మరాఠీలో జస్త, గుజరాతీలో జసత, బెంగాలీ ఒడియాలలో దస్తా అంటారు. ఇవన్నీ సంస్కృతంలోని యశదంతో ఒకే కుటుంబం. కన్నడంలో సతు, మలయాళంలో నాకం, తమిళంలో తుత్తనాగం, తెలుగులో తుత్తునాగం. పక్కపక్క రాష్ట్రాల్లోనే ఇన్ని రకాలు. ఇంటింటా వాడే లోహానికి ఇలా జరగడానికి కారణం భాషా శాస్త్రం కంటే ముందు కొలిమిలో దొరుకుతుంది.

కొలిమిలో ఏం జరుగుతుంది?

రాగి ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కాల్చారనుకోండి. బొగ్గు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, రాగి విడిపడుతుంది. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మరగాలంటే 2,500 డిగ్రీలు దాటాలి. పాతకాలపు కొలిమి ఆ వేడి దరిదాపుల్లోకి కూడా పోదు. కాబట్టి రాగి కొలిమి అడుగున ముద్దగా నిలుస్తుంది. సీసం, తగరం కూడా అంతే, కరిగి అడుగుకు చేరతాయి. ఉదయం కొలిమి చల్లారాక పనివాడు చూస్తే లోహం కళ్లెదుట ఉంటుంది. దానికి పేరు పెట్టడం ఎంతసేపు?

తుత్తునాగం 419 డిగ్రీలకే కరుగుతుంది, 907 డిగ్రీలకు మరిగి ఆవిరవుతుంది. కానీ దాని ఖనిజం నుంచి బొగ్గు ఆక్సిజన్‌ను లాగాలంటే వేడి సుమారు వెయ్యి డిగ్రీలకు చేరాలి. అంటే లోహం విడిపడే వేడి, అది మరిగే వేడి కంటే ఎక్కువ. అందువల్ల తుత్తునాగం కొలిమిలో పుడుతూనే ఆవిరిగా పుడుతుంది. ఆ ఆవిరి పొగతో పాటు పైకి లేచి, గాలి తగలగానే మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి తెల్లటి పొడిగా మారి గోడలకు అంటుకుంటుంది. పనివాడు పొద్దున చూస్తే అడుగున ఏమీ ఉండదు, పైన తెల్లటి బూడిద మాత్రం ఉంటుంది. లోహం ఒకటి పుట్టి పోయిందన్న సంగతే అతనికి తెలియదు.

కనిపించని దానికి పేరెలా పెడతారు? అందుకే వేల ఏళ్ల పాటు ఖనిజానికి పేరుంది, తెల్ల బూడిదకు పేరుంది, అది కలిసిన ఇత్తడికి పేరుంది, లోహానికి మాత్రం స్థిరమైన పేరు లేదు.

పాదరసం కూడా ఆవిరయ్యేదే కదా, అది ముందే ఎలా తెలిసింది?

మంచి ప్రశ్న. పాదరసం 357 డిగ్రీలకే మరుగుతుంది, ఇంకా తొందరగా ఎగిరిపోవాలి. కానీ దాని స్వభావం వేరు. ఇంగిలీకాన్ని కాలిస్తే చాలు, పాదరసం విడిపోతుంది. ఆ వేడిలో దాని ఆవిరి ఆక్సిజన్‌తో కలవదు. చల్లటి చోటు ఏది తగిలినా, అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్టు, చుక్కలుగా కట్టుకుంటుంది. తుత్తునాగం ఆవిరి అలా కాదు, కొంచెం గాలి తగిలినా లోహంగా మిగలదు. దాన్ని పట్టాలంటే గాలి సోకని పాత్ర కావాలి, పాత్రలో ఒక కొస మండుతుండాలి, మరో కొస చల్లగా ఉండాలి. ఆ ఏర్పాటు ఆలోచించి చేయాల్సినదే, పొరపాటున కుదరడం చాలా అరుదు.

లోహమే తెలియకుండా ఇత్తడి ఎలా చేశారు?

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన మిశ్రమం. తుత్తునాగం తెలియని రోజుల్లోనే రోమన్లు ఇత్తడి నాణేలు ముద్రించారు. అగస్టస్ చక్రవర్తి కాలం నాటి సెస్టర్షియస్ నాణేలు ఇత్తడివే. విధానం ఇది: రాగి ముక్కలు, కాలమైన్ అనే ఖనిజం పొడి, బొగ్గు పొడి కలిపి మూసలో పెట్టి, మూతి బిగించి, రాగి కరగనంత వేడిలో కాలుస్తారు. లోపల పుట్టిన తుత్తునాగం ఆవిరి బయటికి పోలేక రాగిలోకి ఇంకిపోతుంది. ఎర్రటి రాగి పచ్చటి ఇత్తడిగా బయటికొస్తుంది. ఈ పద్ధతిలో రాగిలోకి 28 శాతం దాకా తుత్తునాగం ఎక్కుతుంది, అంతకు మించి ఎక్కదు.

చేసినవాళ్ల దృష్టిలో అక్కడ రెండో లోహం లేదు. ఒక మట్టి రాగికి పసుపు రంగు అద్దిందంతే. మన రసశాస్త్ర గ్రంథాలు కూడా రసకం అనే ఖనిజం రాగిని బంగారు రంగుకు మార్చుతుందని చెప్పాయి. ఆ మట్టిని గ్రీకులు కద్మెయా అన్నారు. అది లాటిన్‌లో కాడ్మియా అయింది, అరిగి అరిగి కాలమైన్ అయింది. బెల్జియంలో ఆ ఖనిజం తవ్విన ఊరి పేరు ఇప్పటికీ కెల్మిస్, ఫ్రెంచిలో లా కాలమీన్. 1817లో జర్మనీలో ఫ్రీడ్రిష్ స్ట్రోమయర్ ఈ ఖనిజంతో చేసిన మందుల్లో మరో కొత్త లోహాన్ని కనిపెట్టాడు, దానికి కాడ్మియం అని పేరు పెట్టాడు. అలా తుత్తునాగపు ఖనిజం పేరు వేరే లోహానికి పోయింది, మందుల షాపులో గులాబీ రంగు సీసా మీద కొంత మిగిలింది.

తుత్తునాగం అనే మాట ఎలా కుదిరింది?

తుత్తం అనే మాట మనకు కొత్తది కాదు. బోర్డో మిశ్రమం కలిపే ప్రతి తోట రైతుకూ మైలతుత్తం తెలుసు, అది రాగికి సంబంధించిన నీలి లవణం. పాలతుత్తం అనేది మరొకటి, తెల్లగా ఉంటుంది, అది తుత్తునాగపు లవణం. సంస్కృతంలో తుత్థం. ఈ రకం లవణాలను, భస్మాలను కంటి మందుగా వాడేవారు. పర్షియా, అరబ్బు దేశాల్లో తూతియా అన్నది కూడా కళ్లకు పెట్టే మందే.

ఆ తూతియా తయారీని 13వ శతాబ్దంలో మార్కో పోలో ఇరాన్‌లోని కూహ్‌బనాన్‌లో చూసి వర్ణించాడు. ఒక రకం మట్టిని మండే కొలిమిలో వేసేవారు, కొలిమి పైన ఇనుప ఊచలు పరిచి ఉండేవి. మట్టి నుంచి లేచిన పొగ ఆ ఊచలకు తెల్లగా పట్టుకునేది. ఊచలకు పట్టినది తూతియా. ఇప్పుడు మనకు తెలుసు, ఆ పొగ తుత్తునాగం ఆవిరే. ఊచల దాకా వచ్చేలోపు గాలి తగిలి భస్మమైపోయింది. వాళ్లకు కావాల్సిందీ ఆ భస్మమే.

ఇక నాగం. రసశాస్త్రంలో నాగం అంటే సీసం. నాగ భస్మం సీసపు భస్మం, వంగ భస్మం తగరపు భస్మం. కాబట్టి తుత్తునాగాన్ని తుత్తం నుంచి వచ్చే సీసంగా చెప్పుకోవచ్చు, మాటను ఇలాగే విడదీసి చెప్పడం పరిపాటి. అసలు లోహం చేతికొచ్చిన రోజున చూసినవాళ్లకు అది నీలం చాయ గల తెల్లటి ముద్దలా, కొంచెం సీసంలా కనిపించింది. కంటి మందు మట్టి నుంచి వచ్చింది, సీసంలా ఉంది. రెండూ కలిపి పేరు కట్టేశారు. మలయాళంలో నాకం అనే మాట మిగిలింది.

మన సంప్రదాయ లెక్కలో కూడా ఈ లోహం ఆలస్యంగా వచ్చిన చుట్టమే. బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం అనే ఆరు పాత లోహాల పక్కన యశదం ఏడోదిగా చేరింది. 16వ శతాబ్దపు వైద్య గ్రంథం భావప్రకాశం నాటికి దానికి సప్త ధాతువుల్లో స్థానం ఖాయమైంది. అదే శతాబ్దం చివర అక్బరు కొలువులో అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో జస్త్ గురించి రాస్తూ, తాత్విక గ్రంథాల్లో ఎక్కడా దీని ప్రస్తావన లేదని, హిందుస్థాన్‌లో మాత్రం దీని గని ఉందని, కొందరు దీన్ని తూతియా ఆత్మ అంటారని చెప్పాడు. పండితుడి చేతిలో పుస్తకాలున్నాయి, పుస్తకాల్లో లోహం లేదు, ఎదురుగా గని ఉంది. కొత్త లోహానికి పేరు వెతుక్కునేవాళ్ల స్థితి ఇది.

ఆ ఆవిరిని మొదట పెద్ద ఎత్తున పట్టింది ఎవరు?

రాజస్థాన్‌లోని జావర్ వాళ్లు. ఉదయపూర్‌కు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆరావళి కొండల మధ్య ఉంది ఆ ఊరు. అక్కడి గనులు క్రీస్తు పూర్వం నాటివి. మధ్యయుగంలో అక్కడ తుత్తునాగం తయారీ ఒక పరిశ్రమగా నడిచింది. 1980లలో బ్రిటిష్ మ్యూజియం, బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం, హిందుస్థాన్ జింక్ కలిసి తవ్వితే ఆ కొలుములు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

వాళ్ల పనితనం చూడండి. వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేశారు. ఖనిజం పొడిని మిగతా సరుకులతో కలిపి చిన్న చిన్న ఉండలు చుట్టి, ఆరబెట్టి, మూసలో నింపారు. మూస మూతికి సన్నటి మట్టి గొట్టం అతికించారు. తర్వాత మూసను తలకిందులుగా నిలబెట్టాలి, కానీ అప్పుడు ఉండలు జారి గొట్టంలోంచి కిందపడతాయి. అందుకని గొట్టం గుండా ఒక పుల్ల దూర్చారు. పుల్ల ఉండల్ని ఆపుతుంది. కొలిమి వేడెక్కే సరికి ఉండలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పుల్ల కాలిపోతుంది, పుల్ల ఉన్న చోట ఆవిరి దిగడానికి దారి ఏర్పడుతుంది. ఒక్కో కొలిమిలో ఇలాంటి మూసలు 36, ఆరు వరుసల్లో ఆరేసి. కొలిమిలో పై అర మండుతుంది, చిల్లుల పలక కింద ఉన్న అర చల్లగా ఉంటుంది. పైన పుట్టిన ఆవిరి పైకి పోయే దారి లేక గొట్టం గుండా కిందికి దిగి, చల్లబడి, చుక్క చుక్కగా కింది పాత్రలో పడుతుంది. వాడి పారేసిన మూసలు గుట్టలుగా పడి ఉండేవి, ఊళ్లో ఇళ్ల గోడలు కూడా వాటితోనే కట్టుకున్నారు.

రసరత్నసముచ్చయం అనే సంస్కృత గ్రంథం చెప్పిన విధానం కూడా దీనికి దగ్గరగా ఉంటుంది. రసకాన్ని లక్క, బెల్లం, ఆవాలు, కరక్కాయ, వెలిగారం లాంటి వాటితో నూరి ఉండలు చేసి, వృంతాక మూషలో పెట్టి కాల్చమంటుంది. వృంతాకం అంటే వంకాయే. బెల్లం, లక్క ఎందుకంటే అవి కాలి బొగ్గవుతాయి, ఆ బొగ్గే ఆక్సిజన్‌ను లాగేది. మంట రంగు నీలం నుంచి తెలుపుకు తిరగడం చూసి పని అయిందని గుర్తుపట్టమంటుంది. దిగిన లోహం తగరంలా మెరుస్తుందని చెబుతుంది. ఇక్కడా పోలికే, అదీ ఈసారి తగరంతో.

చైనావాళ్లు 'దొంగల సీసం' అని ఎందుకన్నారు?

చైనాలో 1637లో సుంగ్ యింగ్‌షింగ్ అనే పండితుడు చేతిపనులన్నిటి మీదా తియన్‌కుంగ్ కైవూ అనే గ్రంథం అచ్చువేశాడు. అందులో ఈ లోహం పేరు వో-ఛియన్. ఛియన్ అంటే సీసం. వో అనేది జపానువాళ్లకు చైనీయులు వాడిన పాత మాట, ఆ రోజుల్లో చైనా తీరాన్ని దోచుకున్న సముద్రపు దొంగలకు కూడా అదే మాట. జపాను నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు పెట్టారని అనుకుంటాం. కానీ సుంగ్ చెప్పిన కారణం వేరు: చూడ్డానికి సీసంలా ఉంటుంది, స్వభావం మాత్రం ఆ దొంగల్లా ఉగ్రంగా ఉంటుంది, అందుకే ఆ పేరు.

ఏమిటా ఉగ్రత? ఖనిజాన్ని మట్టి జాడీల్లో పెట్టి, మూతులు మట్టితో మెత్తి, మధ్య మధ్య బొగ్గు పలకలు పేర్చి కాల్చి, చల్లారాక జాడీలు పగలగొట్టి లోహాన్ని తీయాలని ఆయన రాశాడు. రాగితో కలపకుండా ఈ లోహాన్ని నేరుగా మంటలో పెడితే పొగగా మారి ఎగిరిపోతుందనీ రాశాడు. సీసం అలా చేయదు, కరిగి ఒక పక్కన పడి ఉంటుంది. 907 డిగ్రీల సంగతి తెలియకుండానే చైనా కమ్మరి ఆ గుణాన్ని పేరులో పెట్టేశాడు.

జపానువాళ్లు అయెన్ అన్నారు, సీసం తర్వాతి స్థానంలోది అని. కొరియాలో అదే మాట అయొన్. ఇక నేటి చైనాలో వో-ఛియన్ లేదు, షిన్ ఉంది. 19వ శతాబ్దంలో పాశ్చాత్య రసాయన గ్రంథాలను చైనీసులోకి తెచ్చినవాళ్లు జింక్ అనే ధ్వనికి దగ్గరగా ఉన్న అక్షరం తీసుకుని, పక్కన లోహాన్ని సూచించే గుర్తు చేర్చి కొత్త అక్షరం తయారుచేశారు.

మరి ఈ జింక్ ఎక్కడిది?

జర్మనీ కొలిమి గోడల మీదిది. హార్జ్ కొండల్లో గోస్లార్ పక్కన రామెల్స్‌బర్గ్ గని ఉంది. అక్కడ సీసం, వెండి తీసేవారు, ఖనిజంలో తుత్తునాగం కూడా కలిసి ఉండేది. దాని ఆవిరి చాలావరకు భస్మమయ్యేది కానీ, కొలిమి గోడ పగుళ్లలోకి దూరిన కొంత ఆవిరి మాత్రం గాలి తగలక లోహంగానే గడ్డకట్టేది. ఆ గడ్డలు పళ్లు పళ్లుగా, మొనలు తేలి ఉండేవి. జర్మన్‌లో త్సింకె అంటే మొన, కొక్కెపు పన్ను. ఆ మాట నుంచే త్సింక్ వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. 16వ శతాబ్దంలో పారాసెల్సస్ ఆ పేరును గ్రంథాల్లోకి ఎక్కించాడు.

అదే చోట దానికి మరో పేరు కూడా ఉండేది, కొంటర్‌ఫై, అంటే నకిలీ సరుకు. 1617లో గనుల పర్యవేక్షకుడు లోహ్నైస్ రాసిన సంగతి ఒకటుంది. కొలిమి పనివాళ్లు గోడను గీరితే ఈ లోహం కింద పెట్టిన తొట్టిలో పడేదట. దానికి పెద్ద విలువ లేదు కాబట్టి, పైన తాగడానికి చిల్లర ఇస్తామంటే తప్ప ఎవరూ ఆ గీకుడు పని పెట్టుకునేవారు కాదట. ఈ రోజు ప్రపంచమంతా వాడే పేరు ఆ గోడ మీదిదే.

అంతకు చాలా ముందే గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో, చిన్న ఆసియాలోని ఆండేయిరాలో ఒక రాయిని కొలిమిలో కాలిస్తే 'అబద్ధపు వెండి' చుక్కలుగా కారుతుందని, దాన్ని రాగితో కలుపుతారని రాశాడు. నేటి గ్రీకు పాఠ్య పుస్తకంలో తుత్తునాగం పేరు ప్సెవ్దార్గిరోస్, అంటే అదే అబద్ధపు వెండి. రేకుల కొట్టులో మాత్రం గ్రీకువాళ్లు త్సింగోస్ అంటారు. పుస్తకంలో తుత్తునాగం, కొట్టులో జింకు అనే మన అలవాటుకు తోడు దొరికినట్టే.

పర్షియన్‌లో ఇంకో విచిత్రం. నేడు తుత్తునాగాన్ని రూయ్ అంటారు. ఆ మాట పాతది, ఒకప్పుడు రాగి మిశ్రమాలకు వాడేవారు. పర్షియన్ ఇతిహాసం షానామాలోని వీరుడు ఇస్ఫందియార్‌కు రూయీన్-తన్ అని బిరుదు, కంచు ఒళ్లు గలవాడని. కొత్త లోహానికి కొత్త మాట పుట్టించే బదులు పాత మాటను జరిపి కూర్చోబెట్టారు.

తుత్తునాగం జపాను పైకప్పుల మీదికి ఎలా వెళ్లింది?

ఓడ ఎక్కి. పోర్చుగీసువాళ్లు మన తీరాల్లో విన్న పేరును తుతనాగ అని పట్టుకుపోయారు. తూర్పు దేశాల సరుకు యూరపుకు చేరేసరికి దానితో పాటు ఆ పేరూ చేరింది. ఇంగ్లీషు వర్తకుల లెక్కల్లో అది ట్యూటెనాగ్. డచ్చివాళ్లు స్పియౌటర్ అన్నారు, ఇంగ్లీషులో స్పెల్టర్ దానికి దగ్గరి మాట. జర్మన్ రసాయనవేత్త లిబావియస్‌కు హాలెండు ద్వారా ఈ లోహం కొంత దొరికితే దాన్ని మలబారు సీసం అన్నాడు. తన దేశపు గోడల మీద గీకి పారేస్తున్నది కూడా ఇదేనని ఆ కాలంలో ఎవరికి తోస్తుంది? పేర్లు వేరు కాబట్టి లోహాలూ వేరనుకున్నారు.

1745లో చైనా నుంచి తిరిగొస్తున్న స్వీడన్ ఓడ గోథెబోర్గ్ సొంత రేవు ముందే మునిగిపోయింది. దాని సరుకుల్లో ట్యూటెనాగ్ కూడా ఉంది. తర్వాత నీటిలోంచి తీసిన దిమ్మల్ని పరీక్షిస్తే దాదాపు స్వచ్ఛమైన తుత్తునాగమని తేలింది. ఆ నాటికి బ్రిస్టల్‌లో విలియం ఛాంపియన్ 1738లో పేటెంటు తీసుకుని, ఆవిరిని కిందికి దింపి చల్లార్చే పద్ధతి మొదలుపెట్టాడు. అది జావర్ పద్ధతిని ఎంతో పోలి ఉండటం చరిత్రకారుల్ని ఇప్పటికీ ఆలోచింపజేస్తోంది. 1746లో బెర్లిన్‌లో మార్గ్రాఫ్ కాలమైన్‌ను బొగ్గుతో మూసిన పాత్రలో కాల్చి లోహాన్ని వేరుచేసి, దాని సంగతులు పద్ధతిగా రాశాడు. 1789లో లవోయిజియే మూలకాల జాబితాలో జింక్ పేరుతో అది ఎక్కింది. అక్కడితో పేర్ల పందెం ముగిసినట్టే.

పోర్చుగీసు తుతనాగ జపానుకూ చేరింది. అక్కడ అది నలిగి తొతన్ అయింది. ఇప్పుడు జపానులో తొతన్ అంటే జింకు పూసిన ఇనుప రేకు, ఇంటి కప్పుల మీద కనిపించేది. మన తుత్తునాగం మన కొట్లలోంచి తప్పుకున్నా, దాని చుట్టం అక్కడ రోజువారీ మాటగా బతుకుతోంది.

పూత వచ్చాక పేర్లు ఎలా మారాయి?

1837లో ఫ్రాన్సులో సొరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచి పూత పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇనుము కంటే జింకు ముందుగా ఆక్సిజన్‌కు చిక్కుతుంది కాబట్టి, గీత పడినా చుట్టూ ఉన్న జింకు తాను తరిగి ఇనుమును కాపాడుతుంది. కొలిమిలో ఇన్ని తిప్పలు పెట్టిన గుణం ఇక్కడ కాపలాకు పనికొచ్చింది. ఈ పూతకు విద్యుత్తు ప్రయోగాల గాల్వానీ పేరు అంటుకుంది, గాల్వనైజ్డ్ ఐరన్ అన్నారు. మనం దాన్ని కుదించి జీఐ చేసుకున్నాం.

దాంతో చాలా భాషల్లో లోహం పేరు వస్తువు పేరైపోయింది. ఇండోనేషియాలో సెంగ్ అంటే జింకు, కప్పు రేకు కూడా. అది డచ్చి మాట నుంచి వచ్చింది. థాయ్‌లో సంగ్కసీ అన్నా అంతే. జమైకాలో జింక్ అంటే పేటల చుట్టూ కంచెగా నిలబెట్టే రేకు. పారిస్ ఇళ్ల కప్పులు జింకు రేకులవి, అక్కడి కాఫీ హోటల్లో నిలబడి తాగే బల్లను కూడా జింక్ అనే అంటారు. నిజానికి ఆ బల్లల మీద ఎక్కువగా పరిచేది తగరం.

మన దగ్గరి నేర్పు కూడా ఒకటి చెప్పాలి. బీదరు పనితనపు హుక్కాలు, పూలకుండీలు, పాన్‌దాన్‌లు నల్లగా, వెండి తీగెలతో మెరుస్తూ ఉంటాయి. ఒకప్పటి హైదరాబాదు సంస్థానంలో ఉన్న బీదరు ఊరి పేరే ఆ కళకు వచ్చింది. వాటిలో ఉన్నది చాలావరకు తుత్తునాగం, కొద్దిగా రాగి. వెండి పొదిగాక, బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి రాస్తే మిశ్రమం కారునలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. కొనేవాళ్లలో ఎక్కువమందికి అది తుత్తునాగమని తెలియదు.

తెలుగులో మనం ఏమనాలి?

జింకు అంటే తప్పు లేదు. ఎరువు బస్తా మీద, మాత్రల అట్ట మీద, పాఠ్య పుస్తకంలో ఆ మాటే ఉంది. విశాఖపట్నంలో 1977 నుంచి 2012 దాకా ఆ లోహాన్ని తీసిన కర్మాగారం పేరులోనూ ఆ మాటే ఉంది. పరాయి మాట కదా అని వెనకాడనక్కర్లేదు, ఈ లోహం విషయంలో ప్రపంచంలో చాలామంది చేసింది అదే. తుత్తునాగం కూడా తెలిసి ఉండాలి, పాత నిఘంటువులు, పాత వైద్య పుస్తకాలు చదవడానికి అది కావాలి.

చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. పాత రాతల్లో ఈ పేర్లు కుదురుగా ఉండవు. తుత్తమంటే రాగి లవణం కావచ్చు. నాగమంటే సీసం. ఇంగ్లీషు కంపెనీ సరుకు జాబితాలో ట్యూటెనాగ్ అని ఉంటే ఎక్కువసార్లు జింకే, కొన్నిసార్లు చైనా నుంచి వచ్చిన తెల్ల రాగి మిశ్రమం. పర్షియన్ పద్యంలో రూయ్ అంటే జింకు అసలు కాదు. అందుకే పేరు చూసి లోహాన్ని తేల్చేయకుండా, పక్కన రాసిన రంగు, దాన్ని దేనికి వాడారు, నిప్పులో పెడితే ఏమైంది అన్నవి కూడా చూసుకోవాలి. కరిగి అడుగున నిలిస్తే సీసమో తగరమో అయ్యుంటుంది. తెల్లటి పొగై పోయిందని రాసి ఉంటే, పేరు ఏదైనా సరే, అది తుత్తునాగం కావచ్చు.